నల్లబల్ల నుంచి ఫైలు దాకా: దామోదరం సంజీవయ్య నేర్చుకున్న మాట

పోయిన ఫిబ్రవరి మొదటి వారంలో ధర్మవరంలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. 14న హాస్టల్లో దామోదరం సంజీవయ్య జయంతి జరుపుతున్నామని, తాను మాట్లాడాలని, పది నిమిషాల ఉపన్యాసం రాసి పంపమని అడిగాడు. అప్పటికే తన దగ్గర ఒకటి ఉందంటూ వాట్సాప్‌లో పెట్టాడు. చదివాను. గుడిసెలో పుట్టారు, కష్టపడి చదివారు, ముఖ్యమంత్రి అయ్యారు, అయినా తల్లి కట్టెల పొయ్యి మీదే వండుకుంది, ఆస్తులేమీ మిగల్చకుండా పోయారు. అంతటితో అయిపోయింది. ఆ మనిషి ఎవరిని ఏ మాటతో ఒప్పించారో, ఏ పని చేసి పోయారో అందులో ఒక్క ముక్క లేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హాస్టళ్లలో రెండేళ్లుగా నెలకోసారి విద్యార్థులతో కూర్చుంటున్నాను. నా పరిశోధన పని అందుకు ఒక సాకు. వాళ్లు ఎక్కువగా అడిగేది మైకు గురించే. మైకు పట్టుకుంటే కాళ్లు వణుకుతాయి, ఏం చేయాలి? కొందరికి రీల్స్ చేయడం వచ్చు, కొందరికి డప్పు వచ్చు, పోస్టరు అద్భుతంగా వేసే అమ్మాయి పెనుకొండలో ఉంది. కానీ వాళ్ల లెక్కలో అవి మాట్లాడటం కిందికి రావు. వేదిక ఎక్కి ఇంగ్లీషులో దంచితేనే మాట్లాడినట్టు. సెమిస్టరులో కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఒక పేపరు కూడా ఉంది. కంపెనీ ఇంటర్వ్యూలో కుర్చీలో ఎట్లా కూర్చోవాలో అది చెబుతుంది. తహసీల్దారు టేబుల్ ముందు ఎట్లా నిలబడాలో చెప్పదు.

ఆ తమ్ముడికి రాసి పంపాలనుకున్నది పది నిమిషాల్లో ఒదగలేదు. అందుకే ఇది.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునెయ్య. మాల కుటుంబం, భూమి లేదు. నేత పని, కూలి పని. ఈ నేత మాటను ధర్మవరంలో చెబితే పిల్లలు వెంటనే చెవులు నిక్కిస్తారు, ఎందుకంటే వాళ్ల ఊరి పేరే పట్టు మగ్గాల మీద నిలబడింది. కానీ సంజీవయ్య ఇంటి నేత వేరు. రాయలసీమ మాలవాడల్లో నేసింది కూలిజనం కట్టుకునే ముతక గుడ్డ. జరీ చీరకు ఊరి పేరు వస్తుంది, ముతక పంచెకు ఎవరి పేరూ రాదు. మిల్లు గుడ్డ వచ్చాక ఆ మగ్గం పూర్తిగా పడిపోయింది, నేసిన చేతులు పొలం కూలికి పోయాయి.

తండ్రి ఆయన పసిగుడ్డుగా ఉండగానే పోయారు. మేనమామ ఊళ్లో కొన్నాళ్లు పశువులు కాసి, తిరిగి పెద్దపాడు వచ్చి, అన్న కూలి డబ్బులతో బడికి పోయారు. కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో 1938లో ఎస్సెస్సెల్సీ ముగించి అనంతపురం దత్తమండల కళాశాలకు వచ్చారు. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. 1916లో మొదలైన ఆ కాలేజీకి అప్పట్లో సీమ నలుమూలల నుంచీ పిల్లలు వచ్చేవారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ ఒకే రైలు దారి మీది స్టేషన్లు, దారి చివర ఆ కాలేజీ. మీటర్ గేజి బండ్లు దిగి ట్రంకు పెట్టె, పరుపుచుట్టతో హాస్టళ్లకు నడిచిన వాళ్లలో ఎక్కువమంది ఎవరో చెప్పక్కర్లేదు. కరణాల పిల్లలు, రెడ్ల పిల్లలు, కోమట్ల పిల్లలు. వాడ నుంచి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సంజీవయ్య తీసుకున్నది గణితం. 1942లో బీఏ పూర్తయింది.

ఆయన జీవితం రాసేవాళ్లు ఈ నాలుగేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేను ఇక్కడ ఆగుతాను. ఆ కాలేజీ గోడల బయట, సరిగ్గా అదే సమయంలో, తెలుగులో మాట మోసే సాధనాలే మారిపోతున్నాయి.

1938 జూన్‌లో మద్రాసు రేడియో స్టేషన్ మొదలైంది. గొంతు మనిషిని వదిలి ఊళ్లు దాటడం మొదలుపెట్టింది. అదే ఏడు గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్ల సినిమా వచ్చింది. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. బ్రాహ్మణ యువకుడు, మాల పిల్ల ప్రేమ. తెర మీద ఆ పిల్లగా కనిపించింది కాంచనమాల. వాడ కథ మొదటిసారి అంత పెద్ద తెరకెక్కింది, జనం విరగబడి చూశారు. కానీ రాసిన చెయ్యీ తీసిన చెయ్యీ వాడవి కావు. 1941లో గుర్రం జాషువా గబ్బిలం వచ్చింది. అక్కడ రాసిన చెయ్యి మనదే. వేల ఏళ్లుగా మనల్ని బయట నిలబెట్టిన పద్యం అనే సాధనాన్నే తీసుకుని, గుడి లోపలికి పోగలిగే గబ్బిలంతో ఒక అస్పృశ్యుడు తన మొర పంపించుకున్నాడు. పద్యం చెప్పడం తమ సొత్తు అనుకున్నవాళ్లు ఛందస్సులో తప్పు పట్టలేకపోయారు.

జాషువా పద్యాలు అంతకుముందే నాటకంలోకి దూరాయి. సత్యహరిశ్చంద్ర కాటిసీనులో నటులు పాడుకునే శ్మశాన పద్యాలు ఆయనవి. ఆ సీనుకు ఈలలు వేసే ఊరికి ఆ పద్యం ఎవరిదో తెలియకపోవచ్చు. మన ఊళ్లల్లో రాత్రి నాటకం చూసి పొద్దున్నే మళ్లీ వాడను దూరం పెట్టిన పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ల నోట కూడా ఆ పద్యం పలికింది. ఒప్పించడం అంటే ఏమిటో, దాని హద్దు ఎక్కడో, రెండూ ఇందులోనే కనిపిస్తాయి.

సీమలో పద్యం కాగితం మీది వస్తువు కాదు కదా. బళ్లారిలో నాటక సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల నుంచి బళ్లారి రాఘవ దాకా, కడప జిల్లాలో పుట్టిన సురభి దాకా ఇది నాటకాల నేల. అక్షరం రానివాళ్లకు కూడా పది పద్యాలు నోటికి వచ్చే నేల. సంజీవయ్యకు పద్యం మీద, తెలుగు సాహిత్యం మీద మక్కువ ఇక్కడే పట్టింది. తర్వాత కాలంలో ఆయన తెలుగు ఉపన్యాసం వినడానికి బాగుండేదని అందరూ ఒప్పుకున్నారు. సభలో పద్యం ఎత్తుకుంటే జనం సర్దుకుని కూర్చునే రోజులవి. గ్రామంలో ఎవడు పద్యం చదవాలో, ఎవడు దూరం నుంచి వినాలో కులం నిర్ణయించింది. ఆ పద్యాన్ని మాలపిల్లవాడు వేదిక మీద తప్పు లేకుండా చదివితే, దాని అర్థం కన్నా ముందు ఆ చదవడమే ఒక వాదన.

ఇక గణితం. నేను ఆర్ట్స్ విద్యార్థిని, కాబట్టి దీని మీద నాకు ఆలస్యంగా వెలిగింది. ఒక హాస్టల్లో లెక్కలు చదివే అమ్మాయి నాకు చెప్పింది. సిద్ధాంతం రుజువు చేయడమంటే ఎదుటివాడు కాదనలేని మెట్ల మీదుగా వాణ్ణి నడిపించడమే అని. మొదటి మెట్టు ఒప్పుకుంటే చివరి మెట్టు ఒప్పుకోక తప్పదు. గొంతు పెంచక్కర్లేదు, కులం చూపించక్కర్లేదు. నల్లబల్ల ముందు ఎవడి రుజువు అయినా రుజువే. తరగతిలో మిగతా పాఠాలన్నీ ఉచ్చారణను చూసి, యాసను చూసి మార్కులు వేస్తున్న కాలంలో, పెద్దపాడు నుంచి ఇంగ్లీషు చదువుకు వచ్చిన పిల్లవాడికి గణితం ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు.

డిగ్రీ చేతికొచ్చిన 1942లోనే క్విట్ ఇండియా. సంజీవయ్య ఉద్యమంలోకి దూకలేదు. దీన్ని ఒక మచ్చలా రాసినవాళ్లున్నారు. అన్న కూలితో చదివి, ఇంట్లో మొదటిసారి పట్టా తెచ్చుకున్నవాడికి జైలుకు పోయే తీరిక ఎక్కడిదని వాళ్లు అడగలేదు. జైలుకు పోయి వచ్చినవాళ్ల పొలాలు ఎవరో ఒకరు దున్నుతూనే ఉన్నారు. ఆయన యుద్ధకాలం రేషన్ శాఖలో గుమాస్తాగా చేరారు, ఆ పని పోయాక బళ్లారిలో కేంద్ర పనుల శాఖలో చేశారు, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పారు. గింజల కోసం క్యూలో నిలబడ్డ మనిషికి కార్డులో ఎన్ని యూనిట్లు, ఎందుకన్ని అని అర్థమయ్యేట్టు చెప్పడం చిన్న విద్య కాదు. మనవాళ్లలో చాలామంది ప్రభుత్వంతో మాట్లాడటం నేర్చుకున్నది అట్లాంటి కిటికీల దగ్గరే, ఎక్కువసార్లు కిటికీకి ఇవతలి వైపు నుంచి.

బళ్లారిలో జిల్లా జడ్జి కె.ఆర్.కృష్ణయ్య చెట్టి లా చదవమని ప్రోత్సహించారు. 1946లో మద్రాసు లా కాలేజీ. స్కాలర్‌షిప్పు హాస్టలు ఖర్చులకు చాలలేదు. పక్కనే జార్జిటౌన్‌లోని ప్రోగ్రెసివ్ యూనియన్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా కుదిరారు. ఒకే రోజులో రెండు గదులు. ఒక గదిలో ఆయన బల్ల ముందు కూర్చుని చట్టం వింటారు, ఇంకో గదిలో బల్ల ముందు నిలబడి లెక్క చెబుతారు. 1948లో పట్టా వచ్చింది. హాస్టల్ పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది ఈ రెండేళ్ల గురించే. ట్యూషన్ చెప్పుకుని బతికే విద్యార్థులు మనలో ఎంతమందో. అది చదువుకు అడ్డమని బాధపడతారు. పదమూడేళ్ల పిల్లవాడికి భిన్నాలు అర్థం చేయించగలిగినవాడు సభను చూసి భయపడక్కర్లేదు. అర్థం కాని ముఖాన్ని చూసి, చెప్పే దారి మార్చుకోవడం ఏ ఉపన్యాస పోటీ నేర్పదు, ట్యూషన్ నేర్పుతుంది.

ఇక్కడ ఒక పక్కదారి, కానీ అవసరమైనది. అదే మద్రాసులో, అదే లా కాలేజీలో అంతకుముందు ఏళ్ల తరబడి చట్టం బోధించిన ఒక దళిత ప్రొఫెసర్ ఉన్నారు. ఎన్.శివరాజ్. పుట్టింది కడపలో, 1892లో. 1942లో అంబేడ్కర్ అఖిల భారత షెడ్యూల్డ్ కులాల సమాఖ్య పెట్టినప్పుడు అధ్యక్షుడు ఆయనే. 1945లో మద్రాసు మేయర్. సంజీవయ్య లా చదువుకు వచ్చిన కాలంలోనే మద్రాసు నుంచి జై భీమ్ అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపారు. అంటే ఒకే నగరంలో, ఒకే చట్టం చదువుతో, ఇద్దరు సీమ దళితులు రెండు దారుల్లో ఉన్నారు. ఒకరిది సొంత పార్టీ, సొంత పత్రిక. ఎన్నికల్లో ఓడిపోయే దారి అది. ఇంకొకరిది కాంగ్రెస్. పదవులొచ్చే దారి, కానీ వేదికా మైకూ ఇంకొకరివి.

అంబేడ్కర్‌కు ఈ తేడా బాగా తెలుసు. 1920లో, ఇంకా లండన్ చదువు మిగిలి ఉండగానే, మూక్‌నాయక్ పెట్టారు. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ పిలిచి, రాసిన ఉపన్యాసం చూసి జంకి, సభనే రద్దు చేసుకుంటే, ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించారు. కుల నిర్మూలన పుస్తకం అట్లా పుట్టింది. వేదిక లాక్కుంటే మాట అచ్చులోకి పోయింది. అచ్చు మనది కాకపోతే ఆ మాట లాహోర్ లోనే సమాధి అయ్యేది. తర్వాత ఆయన పెట్టిన సిద్ధార్థ కాలేజీలో విద్యార్థుల పార్లమెంటు నడిచింది. చదువుకునే వయసులోనే బిల్లు పెట్టడం, ఎదుటి పక్షాన్ని ఎదుర్కోవడం పిల్లలకు అలవాటు కావాలని.

సంజీవయ్యకు సొంత పత్రిక లేదు. చివరి దాకా లేదు. దీన్ని గుర్తుపెట్టుకుని ముందుకు పోదాం.

1950లో రాజ్యాంగ సభ తాత్కాలిక పార్లమెంటుగా మారినప్పుడు ఖాళీ అయిన ఒక సీటులోకి 29 ఏళ్లకు వెళ్లారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1953లో రాజాజీ తెచ్చిన విద్యా పథకం పిల్లలను సగం పూట బడికి, సగం పూట తండ్రి పనికి పంపమంది. కులవిద్య అని దాన్ని ద్రావిడ ఉద్యమం ఉతికి ఆరేసింది. తండ్రి మగ్గం దాటి గణితానికి వచ్చిన మనిషి ఆ మంత్రివర్గంలో ఉన్నారు. జయంతి సభల్లో ఈ వాక్యం ఎవరూ పలకరు. ఆయన్ను ప్రేమించేవాళ్లు దీన్ని దాటి వెళ్లకూడదని నా అభిప్రాయం. సొంత వేదిక లేని వక్త ఎప్పుడు నోరు కట్టేసుకోవలసి వస్తుందో చెప్పే చోటు ఇదే.

ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గాల్లో పనిచేశాక, 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 39 ఏళ్లు ఇంకా నిండలేదు. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్తే ముఠాల మధ్య కుదిరిన రాజీ ఆయన. రాజీ అభ్యర్థి అంటే ఎవరి మనిషీ కాడు, కాబట్టి ఎవరూ కాపాడరు. రోజూ ఒప్పించుకుంటూ పోవాలి. రెండేళ్ల రెండు నెలలు అట్లా నడిపారు.

ఈ రెండేళ్లలో ఆయన వాడిన సాధనం మైకు కన్నా ఎక్కువగా ఫైలు. ఫైలును మన ఉద్యమాల్లో చిన్నచూపు చూస్తాం, శత్రువు ఆయుధం అనుకుంటాం. ఫైలు కూడా ఒక ఉపన్యాసమే. గుమాస్తా నోట్ రాస్తాడు, సూపరింటెండెంట్ కింద ఇంకో మాట కలుపుతాడు, ఆర్థిక శాఖ కాదంటుంది, కార్యదర్శి మధ్యస్థంగా చెబుతాడు, చివర్లో ముఖ్యమంత్రి రెండు వరుసలు రాస్తారు. ఆ రెండు వరుసల్లో మెట్లు సరిగ్గా లేకపోతే ఫైలు తిరిగి కిందికి దొర్లుతుంది. రుజువు రాయడం వచ్చినవాడికి, చట్టం చదివినవాడికి, ఒకప్పుడు తానే గుమాస్తాగా కూర్చున్నవాడికి ఆ భాష కొత్త కాదు.

ఆ భాషలో ఆయన రాసి వదిలినవి చూడండి. వృద్ధాప్య పింఛను 1960లో మొదలైంది. మన ఊళ్లలో ముసలివాళ్లు ఒకటో తేదీ కోసం ఎదురుచూసే ఆ డబ్బుకు రాష్ట్రంలో మూలం అది. 1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఏసీబీ వల అని పేపర్లో రోజూ చదివే వార్తకు పుట్టిన రోజు. భూమి లేనివాళ్లకు బంజర్ల పంపిణీ. దాదాపు ఆరు లక్షల ఎకరాలని సాధారణంగా చెప్పే లెక్క. సీమలో డి.కె.టి. పట్టా అంటాం, దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే పట్టా. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ సభ అక్కర్లేదు, చప్పట్లు అక్కర్లేదు. మడకశిర పక్కన ఎక్కడో ఉన్న ముసలమ్మ సంజీవయ్య ఉపన్యాసం ఎన్నడూ విని ఉండదు. ఆయన మాట ఆమె దాకా మనియార్డరు రూపంలో వచ్చింది.

1962 ఎన్నికలయ్యాయి. మార్చి 12న సంజీవరెడ్డి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అంతే, రెండో మాట లేదు. సంజీవయ్యను ఢిల్లీకి పిలిచి కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేశారు. ఆ పదవిలోనూ మొదటి దళితుడు ఆయనే. గౌరవం పెరిగింది, రాష్ట్రంలో భూమి పంచే సంతకం పోయింది. ఏ పత్రిక అయినా, ఏ సంఘం అయినా ఆయన దిగిపోవడాన్ని నిలదీసిందా అంటే, నిలదీయడానికి ఆయనకంటూ ఒక పత్రిక, సంఘం ఉండాలి కదా. కులబలం ఉన్న ముఖ్యమంత్రి దిగితే ఊళ్లల్లో బస్సులు ఆగుతాయి. సంజీవయ్య దిగితే బస్సులు వేళకు నడిచాయి.

ఆయన ఒప్పించే శక్తిని పూర్తిగా చూడాలంటే నా మటుకు నేను 1965ను ఎంచుకుంటాను. అప్పుడు కేంద్ర కార్మిక శాఖ మంత్రి. కార్మికులకు బోనస్ అనేది యజమాని దయగా పడేసే పండగ మామూలా, లేక కార్మికుడి హక్కా అని దశాబ్దాలుగా కోర్టుల్లో, ట్రిబ్యునళ్లలో తగువు నడుస్తోంది. ఆ ఏడు మొదట ఆర్డినెన్సు, ఆ తర్వాత బోనస్ చెల్లింపు చట్టం వచ్చాయి. దాని గుండెకాయ ఒక లెక్క. లాభంలోంచి తరుగుదల, పన్నులు వగైరా తీసేస్తే మిగులు వస్తుంది. ఆ మిగులులో సాధారణంగా 60 శాతం కార్మికులకు కేటాయించాలి. మిగులు ఉన్నా లేకపోయినా కనీసం జీతంలో 4 శాతం, లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని 1965లో ఆ చట్టం చెప్పింది.

హిందూపురంలో ఫ్యాక్టరీ కూలీల పిల్లలు చాలామంది చదువుతున్నారు. వాళ్లకు ఈ లెక్క బల్ల మీద వేసి చూపించాను. ముందు కళ్లు తేలేశారు, తర్వాత తమ ఇళ్లలో దీపావళికి వచ్చే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒక పిల్లవాడు మా నాన్నకు ఇస్తున్నది ఆ కనీసం కన్నా తక్కువ అని లెక్క తేల్చాడు. ఆ రోజు ఇంకేం పాఠం జరగలేదు. మిల్లు యజమానుల సంఘాలను ఒక పక్క, మూడు రంగుల కార్మిక సంఘాలను ఇంకో పక్క కూర్చోబెట్టి, పార్లమెంటులో రెండు వైపులా తిట్లు తింటూ, ఇటువంటి లెక్కను చట్టంగా బయటికి తీసుకురావడానికి ఎంత ఓపిక కావాలి! జార్జిటౌన్ బడిలో పనిచేసిన లెక్కల మాస్టారికి ఆ ఓపిక ఉందని నా నమ్మకం.

ఆ కార్మిక శాఖ అనుభవాన్నంతా 1970లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు, భారతదేశంలో కార్మిక సమస్యలు, పారిశ్రామికాభివృద్ధి మీద. మన లైబ్రరీల్లో అడిగితే దొరకదు. తెలుగులో రాసి ఉంటే బాగుండేది, ఈ ఫిర్యాదు నాకు ఎప్పటికీ పోదు. పద్యం వచ్చిన మనిషి, జనం భాషలో జనాన్ని కూర్చోబెట్టగలిగిన మనిషి, తాను నేర్చుకున్నదంతా అచ్చులో పెట్టేటప్పుడు మాత్రం ఢిల్లీ వాళ్ల వైపు తిరిగారు. మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉండగానే 1972 మేలో గుండె ఆగిపోయింది. 51 ఏళ్లు.

తర్వాత ఆయన పేరు హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కుకు, విశాఖలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి పెట్టారు. 2008లో తపాలా బిళ్ల వేశారు. ఇవన్నీ ఇతరులు ఆయన గురించి మాట్లాడిన మాటలు. గుడిసె, మట్టికుండ, నిజాయితీ కథలు కూడా అవే కోవలోవి. అవి అబద్ధాలని అనను. కానీ దళిత నాయకుడి గురించి ఎప్పుడూ పేదరికమూ వినయమూ మాత్రమే చెప్పుకోవడం ఎవరికి సౌకర్యమో ఆలోచించాలి. భూమి పంచిన సంతకం గుర్తుంటే ఆ భూమి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందని అడగాల్సి వస్తుంది. మట్టికుండ గుర్తుంటే కన్నీళ్లు పెట్టుకుని ఇంటికి పోవచ్చు.

ఇదంతా ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా ఆ తమ్ముడికి చెప్పాను. ఉపన్యాసం మాత్రం రాసివ్వలేదు. వాళ్లే ఇంకోలా చేసుకున్నారు. పెనుకొండ నుంచి పోస్టరు వేసే అమ్మాయి వచ్చి చార్టు మీద సంజీవయ్య బొమ్మ గీసింది, పక్కన ఖద్దరు టోపీ నేతల బదులు నల్లబల్ల వేసింది. ఒకడు జాషువా పద్యం పాడాడు, రెండో పాదంలో తడబడి నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు. హిందూపురం పిల్లవాడు బోనస్ లెక్క బల్ల మీద వేశాడు. మైకంటే భయమన్న ఆ తమ్ముడు చివర్లో లేచి, ఉపన్యాసం బదులు ఒక కాగితం చదివాడు.

వాళ్ల తాత పేరున 60 దశకం మొదట్లో వచ్చిన డి.కె.టి. పట్టా ఒకటి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. మూడెకరాలు. పట్టా వీళ్ల దగ్గర, భూమి వేరేవాళ్ల దగ్గర. ఎట్లా పోయిందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు, తాత అప్పు పడ్డాడని మాత్రం అంటారు. అసైన్డ్ భూమి అమ్మినా కొన్నా చెల్లదని చెప్పే 1977 చట్టం ఉంది. పట్టా వచ్చి 20 ఏళ్లు దాటినవాళ్లకు పూర్తి హక్కులిస్తూ 2023లో తెచ్చిన సవరణా ఉంది. ఈ రెంటి మధ్య ఆ మూడెకరాలు ఎక్కడ నిలబడతాయో తేలాలి. వాడు చదివింది తహసీల్దారుకు రాసిన అర్జీ. మొదటి పేరాలో పట్టా నంబరు, సర్వే నంబరు, తేదీ. రెండో పేరాలో ఏ రికార్డుల నకళ్లు కావాలో. మూడో పేరా రెండు వరుసలే. నేను చూసి ఒక్క మాట మార్చాను, అది కూడా తర్వాత అనవసరం అనిపించింది.

మర్నాడు నలుగురు కలిసి మండల ఆఫీసుకు పోయారు. గంటన్నర నిలబడ్డారట. ముద్ర వేసిన రసీదు ఫోటో తీసి మధ్యాహ్నం గ్రూపులో పెట్టాడు, దాని కింద తాత పట్టా ఫోటో. పట్టా అంచులు చెదలు తిన్నాయి, సంతకం చోట సిరా పాలిపోయింది, కానీ నంబరు కనిపిస్తోంది.